అప్‌డేట్: అమ్మానాన్నలతో అండమాన్ వెళ్లొచ్చాం

అమ్మానాన్నలతో అండమాన్ వెళ్తున్నాం, ఏం జాగ్రత్తలు తీసుకోవాలని అడిగాను కదా. క్షేమంగా తిరిగొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అన్నిటికంటే పనికొచ్చింది బారాటాంగ్ దీవికి వెళ్లే దారి గురించి మీరు చెప్పిన మాట. ఆ దారి జరావాలనే ఆదివాసులు ఉండే అడవి గుండా వెళ్తుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి వాహనాలన్నీ కాన్వాయ్‌గానే వెళ్లాలి. మధ్యలో ఆగడం, వాళ్ల ఫొటోలు తీయడం, తినడానికి ఏమైనా ఇవ్వడం నిషేధం. ఫోన్లు ముందే బ్యాగులో పెట్టేశాం. దయచేసి ఎవరూ డ్రైవర్‌ని "వాళ్లు కనిపిస్తే స్లో చెయ్యండి" అని అడగకండి. వాళ్లూ మనలాంటి మనుషులే, అది వాళ్ల ఇల్లు.

మొసళ్ల హెచ్చరిక బోర్డున్న బీచ్‌లో నాన్నని నీళ్లలోకి దిగనివ్వలేదు. పగడాలు ఏరి తేవడం నేరం, అందుకే ముట్టుకోలేదు. డిసెంబరులో 5.30కల్లా చీకటి పడుతుంది, ప్లాన్ దాన్నిబట్టి వేసుకోండి. ఫెర్రీ ఎక్కేముందు అమ్మకి వాంతుల మాత్ర వేశాం, ఇబ్బంది పడలేదు.