తోట పంచుకున్నాం, బావి మధ్యలో పడింది. సెప్టిక్ ట్యాంకు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: అంబాజీపేట మాస్టారు
మా నాన్నగారి కొబ్బరి తోట 72 అడుగుల వెడల్పు, 300 అడుగుల పొడవు. యాభై సెంట్లకు కాస్త తక్కువ. తమ్ముడు, చెల్లెలు, నేను అడ్డంగా మూడు సమాన భాగాలు చేసుకుని, ఒక పక్క 12 అడుగుల దారి వదిలాం. సర్వేయరు రాళ్లు కూడా పాతాడు. ఊళ్లో భూగర్భ డ్రైనేజీ లేదు కనుక ఎవరి ట్యాంకు వారిదే.

మే నెలలో గుంట తవ్వించాను. ఏడడుగుల దాకా చుక్క నీరు లేదు. సంతోషించాను. ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదిలిన పది రోజులకు వెళ్లి చూస్తే, అదే గుంటలో మూడడుగుల లోతులోనే నీళ్లు, వాటిలో కప్పలు! పైగా నాన్నగారు తవ్వించిన మంచినీళ్ల బావి సరిగ్గా చెల్లెలి భాగం నడుమ ఉంది. ట్యాంకుకు విడిగా అనుమతి తీసుకోవాలా? రిజిస్ట్రేషన్‌కు ముందా, తరువాతా?

జవాబు: తాపీమేస్త్రి
మాస్టారూ, మా వైపు అందరూ ఆరేడు సిమెంటు వరలు దింపి మూత వేస్తారండి. అడిగినవారు లేరు.

జవాబు: విశ్రాంత ఇంజనీరు
మేస్త్రి గారూ, మూడడుగులకే నీరున్న చోట వరలు దింపితే అది ఇంకుడు గుంత కాదు, రెండో బావి అవుతుంది. పక్కనే మొదటి బావి నీళ్లు తాగుతున్నారు.

మాస్టారూ, నాకు తెలిసి ట్యాంకుకంటూ విడి అనుమతి పత్రం ఉండదు. ఇల్లు కట్టేటప్పుడు ప్లానులో దాని చోటు చూపాలి. బయటివారికి అమ్మడానికి స్థలాలుగా కోస్తే మాత్రం అది లేఅవుట్ అవుతుంది. 10 శాతం ఖాళీ స్థలం వదలడం దగ్గర నుంచి లెక్క మారిపోతుంది.

మీ చిక్కు అనుమతి కాదు, రాళ్లు. సెప్టిక్ ట్యాంకులకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం ట్యాంకు నీరు నేలలో ఇంకే ఏర్పాటు తాగునీటి బావికి కనీసం 18 మీటర్లు, అంటే సుమారు 60 అడుగుల దూరంలో ఉండాలి. బావి చుట్టూ అంత తాడు తిప్పి చూడండి. మీ చెల్లెలి గారి వంద అడుగులూ అందులోనే పడతాయి. ఆమెకు ఇల్లు కట్టే చోటుంది కానీ, నీరు ఇంకించే చోటు లేదు!

నేలలో నీరు 180 సెంటీమీటర్ల లోపే ఉంటే గుంత పనికిరాదు. నేల గుల్లగా ఉంటే మట్టి తోలి మెరక చేసి, అందులో కంకర చాళ్లు వేయాలి. గుంటలో నీళ్లు పోసి 24 గంటలు నాననిచ్చి, తరువాత రెండున్నర సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడండి. గంట దాటితే జిగట నేల. దానికి నేల పైనే ఫిల్టరు కట్టాలి. ఇదంతా కాలువలు పారుతున్నప్పుడు చూడాలి. మే నెల గుంట మాట నమ్మకండి.

చెల్లెలి గారి ట్యాంకు నీటిని గొట్టంతో చివరి భాగంలోని మెరకకు తీసుకువెళ్లవచ్చు. ఆ గొట్టం హక్కును పంపకాల దస్తావేజు షెడ్యూలులో రాయించండి. అన్నాచెల్లెళ్ల మాట మీ తరం వరకే నిలుస్తుంది. పంట బోదెలోకి మాత్రం వదలకండి.

జవాబు: మలికిపురం
మాది ఇసుక నేల. నీరు ఇట్టే ఇంకుతుంది, అందుకే చేతిపంపు నీళ్లు వాసన వస్తున్నాయి. ఇంకొక మాట, రెండు మూడేళ్లకొకసారి ట్యాంకు తీయించాలి. లారీ గొట్టం అందేలా కట్టుకోండి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపి తీయించడం 2013 చట్టం ప్రకారం నేరం.

అంబాజీపేట మాస్టారు
తాడు తిప్పి చూశాను. ఇంజనీరు గారు చెప్పినట్లే అయింది. నానబెట్టిన గుంటలో గంటకు వేలెడు కూడా దిగలేదు. తమ్ముడు బావి పూడ్చేద్దామన్నాడు. చెల్లెలికి ఫోను చేస్తే, "బావి ఉంచండి, రాళ్లు పీకండి" అంది. సర్వేయరు ఆదివారం వస్తానన్నాడు, మళ్లీ డబ్బు అడిగాడు.