కళాకారుల డైరెక్టరీలో ఫోన్ నంబర్లు అందరికీ కనిపించాలా?

నిర్వాహకుడు, ఎంవీపీ కాలనీ
మా స్వచ్ఛంద సంస్థ తరఫున విశాఖ చుట్టుపక్కల పాడేవాళ్ళు, వాయించేవాళ్ళ వివరాలు ఒకేచోట దొరికేలా ఆన్‌లైన్ డైరెక్టరీ తయారు చేస్తున్నాం. పేరు, వాయిద్యం, ఉండే ప్రాంతం, చిన్న ఆడియో ముక్క ఉంటాయి. ఫోన్ నంబరు నేరుగా పెట్టాలా, లేక వచ్చిన కబురు మేమే కళాకారులకు అందించాలా?

డోలు, కంచరపాలెం
నంబరు పెట్టండి. మధ్యలో మనిషి ఉంటే ఏమవుతుందో మాకు తెలుసు. మాఘమాసంలో గాజువాక వైపు ఓ పెళ్ళికి వెళ్ళాం. మేళానికి 30 వేలు ఇచ్చానని పెళ్ళికూతురి తండ్రి మాటల్లో అన్నాడు. మా ఐదుగురికీ కలిపి అందింది 14 వేలు. గట్టిగా అడిగితే ఆ మధ్యవర్తి మళ్ళీ పిలవడు. మీరు మంచివాళ్ళే కావచ్చు, రేపు మీ కుర్చీలో ఎవరు కూర్చుంటారో?

వయొలిన్ టీచర్
నంబరు వద్దే వద్దు. మా శిష్యురాలి నంబరు ఒక కచేరీ కరపత్రంలో వేశారు. రాత్రి పదకొండింటికి ఫోన్లు, పిచ్చి మెసేజీలు. ఆ పిల్ల సిమ్ మార్చుకుంది. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోవాలి, ఒప్పుకున్నంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి.

కీబోర్డు
నంబరు లేకపోతే డైరెక్టరీ ఎందుకండీ?

సౌండ్ సిస్టమ్
ఫారంలో ఒక టిక్ పెట్టించండి. ఎవరిష్టం వారిది.

డోలు, కంచరపాలెం
ఫారం ఎవరు నింపుతారు? మా మావయ్య సంతకం వరకే. అరకు దగ్గర గిరిజనుల థింసా నృత్యానికి మోరీ ఊదేవాళ్ళలో ఇంటికంతా ఒకటే ఫోను ఉన్నవాళ్ళున్నారు. టిక్ పెట్టలేనివాడు లిస్టులోనే ఉండడన్నమాట.

వయొలిన్ టీచర్
అందుకే ఒక పద్ధతి కావాలి. ఆకాశవాణి ఆడిషన్‌లో గ్రేడు వచ్చినవాళ్ళను పైన పెట్టండి. టాప్, ఏ, బి హై, బి. లేకపోతే ఎవరు పడితే వాళ్ళు కళాకారులమని చేరిపోతారు.

డోలు, కంచరపాలెం
ఎవరు పడితే వాళ్ళంటే ఎవరు మేడమ్? పేరు పెట్టి చెప్పండి. ఒక చేతి వేళ్ళకు తొడుగులు, రెండో చేతిలో పుల్ల పట్టుకుని ఊరేగింపు వెంట మైళ్ళు నడుస్తూ వాయిస్తాం. తప్పెటగుళ్ళ వాళ్ళు గుండె మీద వాయిద్యం కట్టుకుని గెంతుతూ పాడతారు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్‌తో పాటు డోలు, నాదస్వరం కూడా నేర్పుతారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటది. అక్కడ లేని పైనా కిందా మీ లిస్టులో ఎందుకు?

కీబోర్డు
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది.

వయొలిన్ టీచర్
నాదస్వరానికీ రేడియో గ్రేడు ఉంది, నేను కాదనలేదు. నా సంగతి కూడా వినండి. చిన్నప్పటి నుంచి సాధన చేశాను. రిసెప్షన్‌కు పిలిచి, జనం ప్లేట్లు పట్టుకుని తిరుగుతుంటే ఓ మూల కూర్చోబెట్టి, సినిమా పాట వాయించమంటారు. కళాభారతి ఆడిటోరియంలో కచేరీకి ముందు రెండు వరుసలు నిండితే గొప్ప. ఆ గ్రేడు ఒక్కటే నేను చదివిన చదువుకు గుర్తింపు. దాన్నీ అక్షరాల వరుసలో కలిపేస్తే నాకేం మిగులుతుంది?

డోలు, కంచరపాలెం
మీ గ్రేడు మీ పేరు పక్కన రాసుకోండి, ఎవరొద్దన్నారు? మా పేర్ల నెత్తి మీద పెట్టకండి, అంతే.

నిర్వాహకుడు, ఎంవీపీ కాలనీ
వాయిద్యాల వారీగా, అక్షరక్రమంలో పెడతాం. గ్రేడు ఎవరి పేజీలో వారికి ఉంటుంది. ఫారం నింపలేనివాళ్ళ దగ్గరికి మా వాళ్ళు ఇళ్ళకే వస్తారు.

వయొలిన్ టీచర్
అలా అయితే నా పేరు తీసేయండి. నా శిష్యులది వాళ్ళిష్టం.

డోలు, కంచరపాలెం
నంబర్ల సంగతి ఇంకా తేల్చలేదు సార్. మా ఐదుగురివీ పెట్టేయండి. ఒప్పుకుంటున్నామని కాగితం మీద వేలిముద్రలు వేయించి నేనే తెస్తాను.