ముప్పై వేలు పెట్టి వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్ కొంటే మన సీమ ఎండకి ఏది పనికొస్తుంది?

క్లాక్‌టవర్_అనంత

అందరికీ నమస్తే. ఏడాదిగా దాచుకుంటే ముప్పై వేల దాకా అయింది, మంచి వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్ కొందామని. ఉండేది అనంతపురం సాయినగర్‌లో, మూడో అంతస్తు, మా పైన మిద్దె తప్ప ఇంకేం లేదు, కాబట్టి ఎండాకాలం ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఏసీ పడకగదిలో ఉంది, నా పీసీ హాల్లో కూలర్ ముందర. పాప పడుకున్నాక రాత్రి పదికి మొదలుపెడితే పన్నెండు దాకా ఆట. వాలరెంట్, సీఎస్2 (రెండూ తుపాకుల ఆటలే) పీసీలో. ఆదివారం మధ్యాహ్నం పీఎస్5 (సోనీ గేమింగ్ కన్సోల్). ఇంతకుముందు వైర్ ఉన్నదే వాడాను, కుర్చీ చక్రం కింద పడి వైర్ తెగింది, అదీ రెండోసారి.

చూసి చూసి మూడు దగ్గర ఆగిపోయాను: ఆడీజ్ మ్యాక్స్‌వెల్, స్టీల్‌సిరీస్ ఆర్క్‌టిస్ నోవా ప్రో వైర్‌లెస్, రేజర్ బ్లాక్‌షార్క్ వీ2 ప్రో (2023లో వచ్చింది). రివ్యూలు చేసేవాళ్లంతా ఏసీ గదుల్లో కూర్చొని చెబుతారు. రెండేళ్ల తర్వాత నన్ను నేను తిట్టుకోకుండా ఉండాలంటే ఏది కొనాలో మీరు చెప్పండి.

శబ్దం_పిచ్చోడు

కడప నుంచి. ఇందులో ఆలోచించేదేముంది తమ్ముడూ, మ్యాక్స్‌వెల్ తీసుకో. మిగతా రెండిట్లో శబ్దం పుట్టించే భాగం మామూలు డ్రైవర్, అంటే చిన్న కాయిల్ ఒకటి పొరను ఒకచోట పట్టుకొని ముందుకూ వెనక్కీ తోస్తుంది. మ్యాక్స్‌వెల్‌ది ప్లానార్. 90 మిల్లీమీటర్ల పలుచని పొర, దాని మీదే కరెంటు పారే గీతలు, పక్కన అయస్కాంతాలు. పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది, అందుకే బాంబు పేలుతున్నప్పుడు కూడా పక్కన అడుగుల చప్పుడు విడిగా వినిపిస్తుంది, కలిసిపోదు. 2023లో సోనీ ఆ కంపెనీనే కొనేసిందంటే ఊరికే కాదు కదా. ఒక్కసారి పెట్టుకుంటే ఇంకోటి పెట్టుకోబుద్ధి కాదు. బ్యాటరీ 80 గంటలు. అయిపోయింది మాట్లాడేది.

బురుజు_పక్కిల్లు

అయిపోలేదన్నా. నా దగ్గర మ్యాక్స్‌వెల్ ఉంది, కర్నూల్లో, ఏడాదిన్నర నుంచి. శబ్దం గురించి నువ్వు చెప్పిన ప్రతి మాటా నిజం. కానీ బరువు చెప్పలేదే? 490 గ్రాములు. అర కిలో కందిపప్పు పొట్లం నెత్తిన పెట్టుకొని రెండు గంటలు కూర్చో, తర్వాత మాట్లాడుకుందాం. నువ్వు పొగిడిన ఆ అయస్కాంతాల బరువూ అందులోదే. డిసెంబర్, జనవరిలో బ్రహ్మాండంగా ఉంటుంది, చెవులకి వెచ్చగా స్వెటర్ తొడిగినట్టు. మార్చి దాటిందా, అంతే. ఇయర్‌ప్యాడ్ తోలు లాంటి గుడ్డ, గాలి ఆడదు, చెవి చుట్టూ చెమట పట్టి జారుతుంది. మే నెలలో 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు నేను దాన్ని డబ్బాలో పెట్టి పాత ఇయర్‌ఫోన్లతో ఆడాను. ముప్పై వేల వస్తువు మూడు నెలలు అల్మారాలో! మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

శబ్దం_పిచ్చోడు

నీ మెడ బలం లేకపోతే హెడ్‌సెట్ ఏం చేస్తుంది సామీ. కడపలో ఎండ లేదా ఏంది? నేను ఏడు రోడ్ల దగ్గర రేకుల షెడ్డులో ఉన్నప్పుడు కూడా పెద్ద హెడ్‌ఫోన్లే వాడినా.

తీగే_దేవుడు

అసలు ప్రశ్నే తప్పు. వైర్ తెగిందని వైర్‌లెస్ కొనడమంటే, చెప్పు తెగిందని కారు కొన్నట్టు. ఇందులో సగానికి మంచి వైర్డ్ హెడ్‌ఫోన్ వస్తుంది, సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ లాంటిది, వెనక తెరిచి ఉంటుంది, గాలి ఆడుతుంది, చెమట గొడవే లేదు. పక్కన ఒక విడి మైక్ పెట్టు. బ్యాటరీ లేదు, డాంగిల్ (యూఎస్‌బీకి పెట్టే వైర్‌లెస్ రిసీవర్) లేదు, పదేళ్లు వస్తుంది. వైర్ తెగితే అది ఊడొచ్చే వైరే, కొత్తది కొనుక్కో. "గేమింగ్" అని పేరు పెట్టగానే రేటు పెరుగుతుంది, అంతే తేడా.

ఇంకోటి, డబ్బా మీద 7.1 సరౌండ్ (చుట్టూ నుంచి శబ్దం వస్తున్నట్టు చేసేది) అని రాసింది చూసి మోసపోవద్దు. ఎడమ చెవికీ కుడి చెవికీ శబ్దం చేరడంలో మిల్లీసెకను కన్నా తక్కువ తేడా ఉంటుంది, దాన్ని బట్టే దిక్కు తెలుస్తుంది, అది గేమే లెక్కగట్టి పంపిస్తుంది. వాలరెంట్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అని ఆప్షన్ ఉంది చూడు, అది ఆన్ చేసి హెడ్‌సెట్ వాళ్ల సరౌండ్ ఆఫ్ చేసేయి. రెండూ పెడితే ఒకదాని మీద ఒకటి పడి ఎవడు ఎటు నుంచి వస్తున్నాడో తెలీదు. ఇది రెండు వేల హెడ్‌ఫోన్‌కీ ముప్పై వేల దానికీ ఒకటే.

క్లాక్‌టవర్_అనంత

అన్నా, తెరిచి ఉండే హెడ్‌ఫోన్ నాకు కుదరదు. కూలర్ రొద మొత్తం లోపలికి వస్తుంది, నా తుపాకుల మోత మొత్తం బయటికి పోతుంది, పాప లేస్తుంది. పాప లేస్తే ఆ తర్వాత జరిగే మ్యాచ్‌లో నేను ఓడిపోవడం ఖాయం. వైర్ అంటారా, పాపకి ఇప్పుడు పళ్లొస్తున్నాయి, కనబడిన ప్రతి వైరూ నోట్లోకే. సరౌండ్ గురించి చెప్పింది మాత్రం ఇప్పుడే పెట్టి చూశాను. రెండేళ్లుగా రెండూ ఆన్‌లో పెట్టుకొని ఆడుతున్నాను, నా తలకాయ!

బీజీఎంఐ_బుడ్డోడు

నాదొక డౌట్. నేను పన్నెండు వందల నెక్‌బ్యాండ్‌తో బ్లూటూత్‌లోనే ఆడుతున్నా, బాగానే ఉంది. ఇంత డబ్బు ఎందుకు?

రాత్రిషిఫ్ట్_అక్క

బాగానే ఉందని నువ్వు అనుకుంటున్నావు తమ్ముడూ. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి 150 నుంచి 250 మిల్లీసెకన్లు పోతాయి. సెకనుకి 60 ఫ్రేముల (బొమ్మల) ఆటలో ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు, అంటే పది, పదిహేను ఫ్రేముల తర్వాత నీకు అడుగుల చప్పుడు వినిపిస్తోంది. అప్పటికి నిన్ను కొట్టినవాడు నీ పెట్టె కూడా వెతుక్కుంటూ ఉంటాడు. ఇక మైక్ ఆన్ చేశావంటే పాత తరహా బ్లూటూత్ కాల్ మోడ్‌లోకి మారిపోతుంది, ఆట శబ్దం ఎస్టీడీ బూత్‌లో ఫోన్ మాట్లాడినట్టు వస్తుంది. గమనించి ఉంటావు, కారణం ఇదే. ఈ పెద్ద హెడ్‌సెట్లకు విడిగా 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ ఇస్తారు, అందులో ఆలస్యం ముప్పై మిల్లీసెకన్ల లోపే. పీఎస్5 అయితే బ్లూటూత్ హెడ్‌సెట్లను నేరుగా తీసుకోనే తీసుకోదు, డాంగిల్ కావాల్సిందే.

అనంతపురం తమ్ముడికి: నాది నోవా ప్రో వైర్‌లెస్, పని కోసం కూడా అదే పెట్టుకుంటాను. దాంతో వచ్చే బేస్ స్టేషన్ అనే చిన్న పెట్టెకి రెండు యూఎస్‌బీలు ఉంటాయి, ఒకటి పీసీకి, ఒకటి పీఎస్5కి, డాంగిల్ పీకి పెట్టే పని లేదు. ఆట శబ్దం ఒకపక్క, ఫోన్ బ్లూటూత్ ఒకపక్క, రెండూ ఒకేసారి వింటాను, ఇంటి నుంచి ఫోన్ వస్తే హెడ్‌సెట్ తియ్యక్కర్లేదు. నాయిస్ క్యాన్సిలేషన్ ఉంది, కూలర్ గుయ్‌మనే మోతని బాగా తగ్గిస్తుంది. కుక్కర్ విజిల్‌కీ వీధికుక్కలకీ అది పనిచేయదు, ఒకేలా సాగే లావు శబ్దానికే. బ్యాటరీలు రెండు, ఒకటి హెడ్‌సెట్‌లో, ఒకటి బేస్‌లో ఛార్జ్ అవుతూ ఉంటుంది. అయిపోగానే పక్కన మూత తీసి మార్చడమే, పది సెకన్లు.

మదర్‌బోర్డు_మామ

ఆ రెండు బ్యాటరీల గొప్ప గురించి నాలుగు మాటలు. నాది చిన్న రిపేరు షాపు, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఈ మధ్య హెడ్‌సెట్లు కూడా వస్తున్నాయి. రోజుకి రెండు గంటలు ఆడతావనుకుందాం, ఏడాదికి 730 గంటలు. నోవా ప్రో ఒక్కో బ్యాటరీ 22 గంటలు వస్తుంది, అంటే ఏడాదికి ముప్పై మూడు సార్లు మార్చాలి. బ్లాక్‌షార్క్ 70 గంటలు, పది సార్లు ఛార్జింగ్. మ్యాక్స్‌వెల్ తొమ్మిది సార్లు. హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫా వైర్‌లెస్ అని ఒకటుంది, దాన్ని ఎవరూ ఎత్తలేదు, సగం వాల్యూమ్‌లో 300 గంటలు అని కంపెనీ లెక్క, ఏడాదికి మూడు సార్లు పెడితే ఎక్కువ. కాబట్టి బ్యాటరీ మార్చుకునే వీలు అనేది తొందరగా అయిపోయే బ్యాటరీకి కంపెనీ పెట్టిన మందు. జబ్బూ వాళ్లదే, మందూ వాళ్లదే.

కానీ ఒక్క విషయంలో అక్క మాటే నిజం. లిథియం బ్యాటరీ ఎన్నిసార్లు ఛార్జ్ చేశామన్న దానికన్నా ఎంత వేడిలో ఉంచామన్న దానికే మన ఊళ్లలో తొందరగా చస్తుంది. 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయకూడదు. పై అంతస్తు గది, మధ్యాహ్నం కిటికీ పక్కన బల్ల, ఛార్జింగ్ పెట్టి ఆఫీసుకి పోతారు, రెండేళ్లకి ఉబ్బిపోయి నా దగ్గరికి తెస్తారు. అప్పుడు బ్లాక్‌షార్క్, మ్యాక్స్‌వెల్ లాంటివాటిని విప్పి, అతుకులు తీసి, సరిపోయే బ్యాటరీ వెతికి సోల్డరింగ్ చేయాలి. నోవా ప్రోకి ఇంట్లో పిల్లోడు కూడా మార్చేస్తాడు. ఏది కొన్నా రాత్రిపూట ఛార్జ్ చెయ్యి అబ్బీ, 80 శాతం దగ్గర పీకేయి.

శబ్దం_పిచ్చోడు

శబ్దం వినడానికి కొంటున్నాడా, బ్యాటరీ శవపరీక్షకి కొంటున్నాడా? ఒక్కరూ సౌండ్ గురించి మాట్లాడరేం!

రాత్రిషిఫ్ట్_అక్క

మాట్లాడతాను. నోవా ప్రో మ్యాక్స్‌వెల్ దరిదాపుల్లోకి రాదు, ఒప్పుకుంటున్నా. పాటలు పెట్టి పోల్చి చూశాను కూడా. కానీ వాలరెంట్ ఆడేటప్పుడు నేను వినేది వయొలిన్ తీగ కాదు, వెనక మెట్ల మీద బూటు. అది రెండిట్లోనూ ఒకేసారి వినిపించింది.

బురుజు_పక్కిల్లు

ఒక విషయం మర్చిపోయాను, ఏది కొన్నా పనికొస్తుంది. కొత్తలో నాకు నిమిషానికోసారి చిటపట వచ్చేది, పాడైన పీస్ ఇచ్చారనుకొని తిట్టుకున్నాను. తీరా చూస్తే డాంగిల్‌ని పీసీ వెనక నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో, పక్కనే హార్డ్‌డిస్క్ ఉన్నచోట పెట్టాను. యూఎస్‌బీ 3.0 పనిచేసేటప్పుడు సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే రేడియో గోల పుట్టిస్తుంది. అర మీటరు ఎక్స్‌టెన్షన్ వైర్ పెట్టి డాంగిల్‌ని బల్ల మీదికి తెచ్చాక ఒక్క చిటపట లేదు. వైఫై రూటర్‌ని కూడా 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకో.

సర్వీసు సంగతి కూడా ఆలోచించుకో. దీనికి ముందు వాడిన పెద్ద కంపెనీ హెడ్‌సెట్ (పేరెందుకులే) మడత దగ్గర విరిగితే కర్నూల్లో సర్వీసు సెంటర్ లేదన్నారు. హైదరాబాద్ పంపించి, తిరిగొచ్చేసరికి నెలన్నర. బిల్లు లేకపోతే అదీ లేదు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో రెండు వేలు తక్కువకి దొరుకుతుందని బిల్లు లేకుండా తెచ్చుకోవద్దు, ఇండియా వారంటీ ఉందో లేదో చూసుకో.

ఇంకా తేల్చుకోలేకపోతే ఆదివారం కర్నూలు రా. మ్యాక్స్‌వెల్ పెట్టుకొని రెండు గంటలు ఆడు. మధ్యాహ్నమే రావాలి, ఏసీ వెయ్యను.

తీగే_దేవుడు

ఉగ్గాని బజ్జీ పెడితే నేనూ వస్తా, నా వైర్డ్ తీసుకొని.

క్లాక్‌టవర్_అనంత

వెళ్లొచ్చాను. అన్న నిజంగానే ఏసీ వెయ్యలేదు.

మొదటి పది నిమిషాలు నోట మాట రాలేదు, శబ్దం_పిచ్చోడు అన్నా, నువ్వు చెప్పింది తక్కువే. నేను వందసార్లు ఆడిన మ్యాపులో ఒక ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు ఉందని నాకు నిన్నటిదాకా తెలీదు. అరగంటకి చెవి వెనక చెమట మొదలైంది. నలభై నిమిషాలకి నాకు తెలియకుండానే తల వెనక్కి వాల్చి కుర్చీకి ఆనించి ఆడుతున్నానట, అన్న ఫోటో తీశాడు. గంటకి తీసేశాను. ఓడిపోతున్నామని కాదు, ఒట్టు.

దాంతో బ్లాక్‌షార్క్‌కి వచ్చేశాను. 320 గ్రాములు, ప్యాడ్లు గుడ్డవి, తోలువి కాదు. నాయిస్ క్యాన్సిలేషన్ లేదు కానీ ప్యాడ్లే గట్టిగా మూసేస్తాయి, కూలర్‌ని రెండో స్పీడులో పెట్టుకుంటే చాలు. రెండు చోట్లకీ ఒకటే డాంగిల్, పీకి పెట్టుకోవాలి, అక్కా మీ బేస్ స్టేషన్ మీద నాకు కన్నుంది గానీ ముప్పై వేలూ దాని మీద పెట్టాలంటే చెయ్యి రాలేదు. మిగిలిన డబ్బుల్లో ఎక్స్‌టెన్షన్ వైర్ ఒకటి, పాపకి నమలడానికి రబ్బరు బొమ్మ ఒకటి ఆర్డర్ పెట్టాను.

శబ్దం_పిచ్చోడు

ఆ ఫ్యాన్ చప్పుడు నీకు మళ్లీ వినిపించదు, చూసుకో.

క్లాక్‌టవర్_అనంత

అదే బాధ అన్నా. డిసెంబర్‌లో బురుజు అన్న దాన్ని అమ్ముతాడేమో అడిగి చూడాలి.

బురుజు_పక్కిల్లు

డిసెంబర్‌లోనా? డిసెంబర్‌లో ఎవడమ్ముతాడు. ఏప్రిల్‌లో అడుగు, ఇస్తా.