కోవిదార ధ్వజం: ఆ చెట్టు ఏది?

ప్రశ్న: అయోధ్యకాండలో భరతుడి రథాన్ని గురించి "కోవిదారధ్వజో రథే" అని వస్తుంది. రాజస్థాన్‌లో అమేర్ రాజుల పాత జెండా మీద ఉన్నదీ ఈ చెట్టేనని విన్నాను. మన వైపు దీన్ని ఏమంటారో పెద్దలెవరైనా చెప్పగలరా?

జవాబు: దేవకాంచనం అంటామండి. అమరకోశం కంఠతా వచ్చినవారికి వెంటనే తడుతుంది: "కోవిదారే చమరికః కుద్దాలో యుగపత్రకః". ఇందులో చివరి మాట పట్టుకోండి. యుగం అంటే జంట, యుగపత్రకం అంటే జంటాకుల చెట్టు. దేవకాంచనం ఆకు ఒకటి కోసి చూడండి. కొస దగ్గర లోతుగా చీలి, రెండాకులు పక్కపక్కన అతుక్కున్నట్టు ఉంటుంది. నడిమి ఈనె వెంట మడిస్తే రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి సరిపోతాయి. ఇంత పోలిక ఒక్క మాటలో ఇమిడ్చాడు అమరసింహుడు! హాంకాంగ్ జెండా మీది పువ్వు కూడా ఈ జాతి చెట్టుదే.

ఇక శ్లోకం సందర్భం. చిత్రకూటంలో లక్ష్మణుడు మద్దిచెట్టు లాంటి ఎత్తైన సాలవృక్షం ఎక్కి, వస్తున్న సేనను చూస్తాడు. అంత దూరం నుంచి మనిషి ఆనవాలు పట్టడం కష్టం. వచ్చేది భరతుడని అతనికి చెప్పింది ఆ కోవిదార ధ్వజమే. చూడగానే ఆవేశం వచ్చేస్తుంది, ఆ ధ్వజం యుద్ధంలో మన చేతికి చిక్కుతుందా అంటాడు.

అమేర్ నేలిన కచ్ఛవాహులు తమది రాముడి కొడుకు కుశుడి వంశమని చెప్పుకుంటారు. వాళ్ల పాత జెండా తెల్లగుడ్డ మీద కచనార్ చెట్టు. కచనార్ అన్నా మన కాంచనం అన్నా మూలం ఒకటే, సంస్కృత కాంచనారం. ఆ జెండాకు ఝాడ్‌షాహీ అని పేరు. ఝాడ్ అంటే చెట్టు. వంశం మాట జెండాతో రుజువు కాదు గానీ, ఇన్ని చెట్లుండగా దీన్నే ఎంచుకున్నారంటే అయోధ్య ధ్వజం మనసులో పెట్టుకునే అని నా నమ్మకం.

ఇంకొకరు: మరి ఆ వంశం వారిదే అయిన జైపూర్ జెండా అంటే అయిదు రంగుల చారలు కదండీ?

జవాబు: అది తర్వాత వచ్చిన పంచరంగ. 1580లలో రాజా మాన్‌సింగ్ అక్బర్ తరఫున కాబూల్ వైపు వెళ్లి అయిదు అఫ్ఘాన్ తెగలను ఓడించాడని, వాళ్ల జెండాల రంగులు కలిపి దీన్ని చేయించాడని ఆ వంశపు సంప్రదాయ కథ. జెండా మీంచి పోయినా చెట్టు మాత్రం పోలేదు. 1727లో జైపూర్ కట్టాక అక్కడి టంకశాల కొట్టిన రూపాయల మీద చిన్న రెమ్మ గుర్తు వేశారు. వాటినీ ఝాడ్‌షాహీ అనే పిలిచారు. మేవాడ్ వారూ సూర్యవంశమే అంటారు, కానీ వాళ్లు నేరుగా సూర్యుడి ముఖాన్నే చిహ్నంగా పెట్టుకున్నారు.

2025 నవంబరులో అయోధ్య గుడి శిఖరం మీద ఎగరేసిన కాషాయ జెండా మీద కూడా సూర్యుడు, ఓంకారంతో పాటు కోవిదారం ఉంది. మన తెలుగు కావ్యాల్లో ఈ ధ్వజం ప్రస్తావన ఎవరికైనా తగిలి ఉంటే పద్యం ఇక్కడ పెట్టండి, చూడాలని ఉంది.