ప్రీకాస్ట్ (ముందే పోసి తెచ్చి నిలబెట్టే కాంక్రీటు) ఫ్రేముకు గాలి: కాలమ్‌లు మొయ్యాలా, గోడలు మొయ్యాలా?

దూలం33: మూడంతస్తులు, ఎత్తు 10 మీటర్లు. పొడవు 30, వెడల్పు 12. ప్రతి 6 మీటర్లకో ఫ్రేము, ఫ్రేముకు మూడు కాలమ్‌లు. కార్బెల్ (కాలమ్ నుంచి బయటికొచ్చే దిమ్మ) మీద డోవెల్‌తో (నిలువు కడ్డీతో) బీమ్‌లు, వాటి మీద హాలోకోర్ (లోపల బోలుగా ఉండే) స్లాబ్. లోపల గోడలు వద్దంటున్నారు. జాయింట్లన్నీ పిన్నులే (తిరగనిచ్చేవే) అయితే 400×400 మి.మీ. కాలమ్‌లు చాలవా?

పునాదిలెక్క: బలానికి చాలుతాయి, ఊగకుండా మాత్రం ఉండవు. గాలి చ.మీ.కు 1 కిలోన్యూటన్ (కి.న్యూ.) అనుకుందాం. కాలమ్‌కు మీటరుకు 2 కి.న్యూ., అడుగున మొమెంట్ (వంచే ప్రభావం) 100 కి.న్యూ.మీ. దానికి కావలసిన స్టీలు సులువుగా పడుతుంది. కానీ కాంక్రీటు మాడ్యులస్ (పదార్థం బిగువు) 30 గిగాపాస్కల్, పగుళ్లకు ఇనర్షియా (సైజును బట్టి వంపును ఆపే గుణం) 70 శాతం తీసుకుంటే పైకొన 56 మి.మీ. జరుగుతుంది. ఎత్తులో 500వ వంతు, అంటే 20 మి.మీ. దాటకూడదు. 500 కాలమ్‌కు 23, 600కు 11. పైగా ఇదంతా అడుగు అసలు తిరగదనుకుంటేనే. పునాది 0.001 రేడియన్ తిరిగినా పైన ఇంకో 10 మి.మీ. కలుస్తుంది.

బిగిజాయింట్: అందుకే జాయింట్లు బిగించమంటాను. టాపింగ్‌లో (స్లాబ్ మీద సైటులో పోసే కాంక్రీటు పొరలో) కాలమ్ గుండా కడ్డీలు పోనిస్తే సరి. ఒక కొనే బిగిసినదానికన్నా రెండు కొనలూ బిగిసిన కాలమ్ స్టిఫ్‌నెస్ నాలుగింతలు.

పునాదిలెక్క: బీమ్ వంగనప్పుడు మాత్రమే నాలుగింతలండీ. అసలు చిక్కు వేరే ఉంది. టాపింగ్ గట్టిపడేలోపే బీమ్, స్లాబ్ బరువు పిన్ను జాయింటు మీద కూర్చుంటుంది. తర్వాత వచ్చే కొద్దిపాటి బరువుకే హాగింగ్ (బీమ్ కొనలో పైభాగం లాగబడే వంపు). గాలి కొట్టే వైపు బీమ్ కొనలో సాగింగ్ (కిందిభాగం లాగబడే వంపు) దాన్ని మించిపోతే పైకడ్డీలు పనికిరావు, కిందేమో కార్బెల్ మీద వట్టి డోవెల్. గాలి రెండు వైపులా వీస్తుంది కాబట్టి అన్ని కొనలకూ ఇదే గతి.

రెండు చివరి ఫ్రేముల్లో 4 మీటర్ల షియర్ వాల్ (గాలి తోపును మోసే గోడ) చొప్పున పెట్టండి, లోపలంతా ఖాళీగానే ఉంటుంది. అప్పుడు ప్రతి అంతస్తు స్లాబే గాలికి 30 మీటర్ల పొడవు, 12 మీటర్ల లోతున్న అడ్డ బీమ్. అంచు టైలో (స్లాబ్ అంచు వెంట కట్టే కడ్డీల్లో) లాగుడు 39 కి.న్యూ., 1.5తో గుణించినా రెండు 12 మి.మీ. కడ్డీలు చాలు. గ్రౌట్ (సందుల్లో నింపే సిమెంటు మిశ్రమం) జాయింట్లలో షియర్ (జారించే ఒత్తిడి) 0.03 మెగాపాస్కల్, యూరోకోడ్ హద్దు 0.1 నుంచి 0.15. అసలు జాగ్రత్త గోడ అడుగున. బోల్తా మొమెంట్ 750 కి.న్యూ.మీ., 200 మి.మీ. గోడ సొంత బరువు ఆపేది 400. మిగతాది గ్రౌట్ స్లీవ్ (గ్రౌట్ నింపే గొట్టం)లో దిగే కడ్డీలు లాగిపట్టాలి. పొడవు దిశకూ గోడలు విడిగా కావాలి.

దూలం33: ఒక చివర ఫ్రేములో ఒక బేలో (రెండు కాలమ్‌ల మధ్య ఖాళీలో) 5 మీటర్ల షట్టర్ వస్తుంది.

పునాదిలెక్క: గోడ పక్క బేలో పెట్టండి. షట్టర్ మీది అంచు బీమ్‌లో టై కడ్డీలు తెగకుండా గోడలోకి పోవాలి, అంతస్తుకు 50 కి.న్యూ. గోడకు చేరేది వాటి ద్వారానే. గ్రౌట్ గట్టిపడేదాకా ఊతాలు తీయకండి.