సీజన్ మధ్యలో మేనేజర్‌ను మార్చడం: చికిత్సా, శాంతి హోమమా?

స్కోరు పుస్తకం

అమెరికా బేస్‌బాల్‌లో వేసవి మొదలవుతుండగానే ఏటా ఒక తంతు నడుస్తుంది. ఏదో ఒక జట్టు వరుసగా ఓడుతుంది, అభిమానులు మేనేజర్‌ను సాగనంపమంటారు, యాజమాన్యం తలవంచుతుంది. (క్రికెట్ నుంచి ఇటు వచ్చినవారి కోసం: ఇక్కడ మేనేజర్ అంటే డగౌట్‌లో కూర్చుని బ్యాటింగ్ క్రమం, పిచర్ల, అంటే బంతి విసిరేవాళ్ల, మార్పులు చూసే మనిషి. ఆటగాళ్లను తెచ్చేదీ వదిలించుకునేదీ జనరల్ మేనేజర్, ఆయన వేరు.) నా మాట సూటిగా చెబుతాను. ఈ శాంతి హోమం వల్ల చల్లారేది మన కోపమే, జట్టు జాతకం మారదు. 162 ఆటల సీజన్‌లో 50 చూసి మనిషిని తీసేయడం తొందరపాటు.

నా సాక్ష్యం 2019 వాషింగ్టన్ నేషనల్స్. ఆ ఏడాది బ్రైస్ హార్పర్ 13 ఏళ్లకు 33 కోట్ల డాలర్ల ఒప్పందం మీద ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయాడు. ఏప్రిల్ మొదట్లోనే ట్రే టర్నర్ వేలు విరిగింది. ఆంథనీ రెండన్, హువాన్ సోటో కూడా గాయాలతో కొన్నాళ్లు కూర్చున్నారు. మే 20 నుంచి 23 వరకు న్యూయార్క్‌లో మెట్స్‌తో నాలుగు ఆటలు, నాలుగూ ఓటమే. చివరిదాన్ని మరిచిపోవడం నా వల్ల కాలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో (ఆటకు తొమ్మిది ఉంటాయి) మేనేజర్ డేవ్ మార్టినెజ్ అంపైర్ మీదకు వెళ్లి, టోపీ నేలకేసి కొట్టి, మట్టి తన్ని మైదానం వదిలాడు. అదే ఇన్నింగ్స్‌లో మెట్స్ ఆటగాడు కార్లోస్ గోమెజ్ కొట్టిన మూడు పరుగుల హోమ్ రన్‌తో (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) మా ఆధిక్యం కాస్తా పోయింది. 19 గెలుపులు, 31 ఓటములు. మా ఆఫీసులో బేస్‌బాల్ ఊసే ఎత్తనివాళ్లు కూడా ఆయన ఇంకా ఉన్నాడా అని అడిగారు.

ఉన్నాడు. మిగిలిన 112 ఆటల్లో జట్టు 74 గెలిచి 93-69తో ముగించింది, వైల్డ్ కార్డ్ (డివిజన్ గెలవని జట్లకు ప్లేఆఫ్స్‌లో దక్కే చోటు) దారిన వెళ్లి వరల్డ్ సిరీస్, అంటే ఆఖరి టైటిల్, ఎత్తుకొచ్చింది. రాజధాని నగరానికి 1924 తర్వాత అదే మొదటిది. మారిందేమిటంటే దెబ్బలు తగిలినవాళ్లు తిరిగి వచ్చారు. పిచర్లు మ్యాక్స్ షెర్జర్, స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్, ప్యాట్రిక్ కార్బిన్ ముందునుంచీ ఉన్నవాళ్లే. మార్టినెజ్ కూడా మే నెలలో ఉన్న మార్టినెజే.

ఫిలడెల్ఫియా పక్కింటివాడు

మీకు అనుకూలమైన ఏడాది మీరు ఎంచుకున్నారు. నాది 2022. మా ఫిలడెల్ఫియా జట్టు ఫిలీస్ 22-29తో ఈడుస్తున్నప్పుడు జూన్ 3న జో జిరార్డీని తీసేసి, పక్కనే ఉన్న రాబ్ థామ్సన్‌ను కూర్చోబెట్టారు. వెంటనే వరుసగా 8 గెలుపులు. ఆయన చేతిలో 65-46. చిట్టచివరి వైల్డ్ కార్డ్ దక్కించుకుని కార్డినల్స్‌ను, బ్రేవ్స్‌ను, పాడ్రెస్‌ను దాటి వరల్డ్ సిరీస్ దాకా వెళ్లి, ఆస్ట్రోస్ చేతిలో 4-2తో ఓడారు.

గాయాలు మానితే జట్టు అదే లేస్తుందన్నారు కదా. ఆ జూన్ 25న హార్పర్ బొటనవేలు విరిగింది, రెండు నెలలు లేడు. అంటే మేనేజర్ మారాక ఆరోగ్యం ఇంకా దిగజారింది, అయినా గెలుపులు పెరిగాయి. జిరార్డీ హయాంలో బెంచీ మీద ఎక్కువగా కనిపించిన కుర్రవాడు బ్రైసన్ స్టాట్, థామ్సన్ వచ్చిన మూడో రోజున తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మూడు పరుగుల హోమ్ రన్‌తో ఆట ముగించాడు. ఎవరిని నమ్మాలో తెలిసిన మనిషి డగౌట్‌లో ఉంటే ఏమవుతుందో చెప్పడానికి అది చాలు.

2003 మార్లిన్స్ కూడా ఉన్నారు. 16-22 దగ్గర జెఫ్ టోర్బోర్గ్‌ను తీసేసి 72 ఏళ్ల జాక్ మెకీన్‌ను పిలిచారు. 91-71, వరల్డ్ సిరీస్‌లో యాంకీస్ మీద 4-2. దీన్ని ఏ హోమం కింద రాసుకుంటారు?

స్కోరు పుస్తకం

ఆ 8 గెలుపుల్లో మొదటి మూడు ఎవరి మీదో చెప్పకుండా దాటేశారు. లాస్ ఏంజెలిస్ ఏంజెల్స్ మీద. ఆ జట్టు అప్పుడు చరిత్రలో నిలిచిపోయే ఓటముల వరుసలో కూరుకుపోయి ఉంది. 12 ఓటములయ్యాక, జూన్ 7న, వాళ్లూ తమ మేనేజర్‌ను తీసేశారు. ఆయన ఎవరో కాదు, 2016లో షికాగో కబ్స్‌కు 108 ఏళ్ల కరువు తీర్చిన జో మాడన్. (మా మార్టినెజ్ ఆ కబ్స్ జట్టులో ఆయన పక్కన బెంచ్ కోచ్.) మాడన్ వెళ్లాక కూడా ఓటములు ఆగలేదు, 14 దాకా సాగాయి. 27-29 దగ్గర ఆయనను పంపితే జట్టు 73-89తో ముగించింది. అంటే మేనేజర్ మారాక ఇంకా ఘోరం.

ఒకే వారంలో రెండు జట్లు ఒకే మందు మింగాయి. ఒకటి లేచి కూర్చుంది, రెండోది మంచం పట్టింది. లేచినదాన్నే చూపించి మందు గొప్పదంటే ఎలా?

కొత్త చూపరి

నేను డల్లాస్‌కు వచ్చి ఎక్కువ కాలం కాలేదు, పిల్లలతో ఆర్లింగ్టన్ స్టేడియానికి వెళ్లి ఈ ఆట మీద మనసు పడ్డాను. నాకు ఇదంతా ఐపీఎల్‌లా అనిపిస్తోంది. 2024లో బెంగళూరు తొలి 8 ఆటల్లో 7 ఓడి, తర్వాత వరుసగా 6 గెలిచి ప్లేఆఫ్స్‌కు చేరింది. కోచ్‌ను ఎవరూ మార్చలేదు. ఇదీ అలాంటిదేనా?

మూడో బేస్

కాదండీ. అక్కడ లీగ్ దశ 14 ఆటలు, ప్రతి ఓటమీ గుండెపోటే. ఇక్కడ వంద గెలిచిన జట్టు కూడా 62 ఓడుతుంది. వారం రోజుల ఓటములు చూసి ఏడవడం మొదలుపెడితే సెప్టెంబర్ దాకా కన్నీళ్లు మిగలవు. అయితే దీన్ని సాకుగా తీసుకుని ఎంత చెడ్డగా ఆడినా ఓపిక పట్టమనడం కూడా నాకు నచ్చదు. 2025లో కొలరాడో రాకీస్ 7-33 దగ్గర బడ్ బ్లాక్‌ను తీసేశారు. అక్కడ ఓపిక ఎవరికి మిగులుతుంది?

స్కోరు పుస్తకం

తీసేసి ఏం సాధించారు? 43-119తో ముగించారు.

ఫిలడెల్ఫియా పక్కింటివాడు

లెక్క చూడండి. ముందు 7-33, తర్వాత 36-86. గెలుపు శాతం 17.5 నుంచి దాదాపు 30కి పెరిగింది. నా వాదనకు రాకీస్ కూడా సాక్ష్యమిస్తారని నేను కలలో కూడా అనుకోలేదు!

అలెగ్జాండ్రియా అమ్మ

మీ అంకెల మధ్య ఒక సంగతి మునిగిపోతోంది. 2019లో నేషనల్స్ ఎవరినీ మార్చలేదన్నట్టు స్కోరు పుస్తకం గారు రాశారు. మే 2న పిచింగ్ కోచ్ డెరెక్ లిల్లిక్విస్ట్‌ను తీసేసి పాల్ మెన్‌హార్ట్‌ను పెట్టారు. వేటు పడింది, పెద్ద కుర్చీ మీద కాదు, పక్క కుర్చీ మీద. మీ మాటల్లో చెప్పాలంటే హోమం జరిగింది, చిన్నది.

అదే నెలలో శాన్ ఫ్రాన్సిస్కో వదిలేసిన హెరార్డో పారాను తెచ్చుకున్నారు. బ్యాటింగ్ గణాంకాలు చూస్తే పెద్ద ఆటగాడేమీ కాదు. జూన్‌లో తనకు బ్యాటింగ్ కలిసిరావడం లేదని, మైదానంలోకి వచ్చేటప్పుడు వేసే పాట మార్చి, తన చిన్న కూతురికి ఇష్టమైన సొరచేపల పిల్లపాట పెట్టించుకున్నాడు. అక్టోబర్ వచ్చేసరికి నలభై వేల మంది పెద్దలు రెండు చేతులూ సొరచేప నోటిలా ఆడించారు. మా అబ్బాయి అయితే పక్క వరుసలోని తాతగారికి నేర్పించాడు కూడా. ఆ ఉల్లాసాన్ని ఏ పట్టికలో వేస్తారు? గెలుపుల వల్ల ఉల్లాసం వచ్చిందా, ఉల్లాసం వల్ల గెలుపులా అని వాదించుకోండి. కానీ ఆ వాతావరణం చెడకుండా కాపాడింది మార్టినెజ్ అని నా నమ్మకం. మే 24న కొత్త మనిషిని తెచ్చి ఉంటే ఆ గదిలో అది మిగిలేదా?

సెప్టెంబర్ 3 ఆట కూడా చెప్పుకోవాలి. మళ్లీ అదే మెట్స్. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం మొదలయ్యేసరికి స్కోరు 10-4. జనం నేవీ యార్డ్ మెట్రో స్టేషన్ వైపు నడుస్తున్నారు, మా వరుసలో సగం సీట్లు ఖాళీ. ఒక్కో హిట్టు పడుతుంటే మెట్ల మీద దిగుతున్నవాళ్లు ఆగి వెనక్కి తిరిగి చూడటం మొదలుపెట్టారు. రయన్ జిమ్మర్‌మన్ మరొకరి స్థానంలో బ్యాటర్‌గా వచ్చి ఎడ్విన్ డియాజ్ బంతిని బాది రెండు పరుగులు తెచ్చాడు. 10-8. తర్వాత కర్ట్ సుజుకీ. కొట్టిన చప్పుడుకే తెలిసిపోయింది. మూడు పరుగులు, 11-10. నడివేసవిలో చేతులెత్తేసిన జట్టయితే ఆ ఇన్నింగ్స్ ఆడదు.

బుల్‌పెన్ బాధితుడు

అమ్మగారూ, మీ వర్ణనకు నమస్కారం. కానీ అదే ఏడాది, అదే అక్టోబర్ 1న జరిగింది కూడా చెప్పుకుందాం. వైల్డ్ కార్డ్ ఆట, బ్రూవర్స్‌తో, ఓడితే ఇంటికే. ఎనిమిదో ఇన్నింగ్స్, 3-1తో వెనుకబడి ఉన్నారు, ఇద్దరు అవుట్, మూడు బేసులూ నిండి ఉన్నాయి. జాష్ హేడర్ బౌలింగ్‌లో సోటో కుడివైపుకు సింగిల్ కొట్టాడు. ఇద్దరు వచ్చి స్కోరు సమం కావాల్సింది. రైట్ ఫీల్డర్ ట్రెంట్ గ్రిషమ్ గ్లవ్ కింద నుంచి బంతి జారిపోయి ముగ్గురూ వచ్చేశారు. 4-3, అంతే. ఆ బంతి గ్లవ్‌లో ఆగి ఉంటే ఆట ఎటు పోయేదో! అప్పుడు మార్టినెజ్ ఓపిక గురించి ఎవరూ మాట్లాడరు, మే నెలలో ఎందుకు తీసేయలేదని ఇదే చోట తిట్టుకునేవాళ్లం.

ఇక నిలకడ మంత్రానికి 2025 మెట్స్‌ను చూడండి. జూన్ 12న 45-24, లీగులన్నిటిలోకీ మంచి రికార్డు. 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్న సోటో ఉన్నాడు. మేనేజర్‌ను కదిలించలేదు. చివరి రోజు మయామీలో 4-0తో ఓడి 83-79 దగ్గర ఆగారు. సిన్సినాటీదీ అదే 83-79, కానీ ముఖాముఖి లెక్కలో వాళ్లు ప్లేఆఫ్స్ లోపలికి, మెట్స్ బయటికి. మార్చకపోతే నిలబడతారనీ లేదు, మారిస్తే లేస్తారనీ లేదు. నన్నడిగితే మేనేజర్‌కు ఇప్పుడు చేతిలో మిగిలింది కూడా తక్కువే. 2022 నుంచి రెండు లీగుల్లోనూ పిచర్ బదులు వేరే బ్యాటర్ వచ్చేశాడు కాబట్టి పిచర్‌ను ఆపాలా, బ్యాటర్‌ను పంపాలా అన్న పాత తలనొప్పి పోయింది. ఎవరు ఎన్ని బంతులు విసరాలో పై అంతస్తులో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు చెబుతారు. కోపం మాత్రం డగౌట్‌లో కనబడే మనిషి మీద.

ఫిలడెల్ఫియా పక్కింటివాడు

అలాగైతే మీ నేషనల్స్ 2025 జూలైలో మార్టినెజ్‌నూ, జనరల్ మేనేజర్ మైక్ రిజోనూ ఒకే రోజు ఎందుకు తీసేశారు? అప్పుడు ఓపిక ఏమైంది?

స్కోరు పుస్తకం

అది నడిసీజన్ నిర్ణయమని నేను అనుకోను, అయిదేళ్ల కథకు ముగింపు. 2021లో షెర్జర్‌నూ టర్నర్‌నూ డాడ్జర్స్‌కు ఇచ్చేశారు, 2022లో సోటోను పాడ్రెస్‌కు. ఆ ఏడాది 107 ఓడారు. ఇల్లంతా అమ్మేసి వంటవాణ్ని నిందించినట్టయింది. జూలైలో కాకుండా అక్టోబర్‌లో పంపితే మర్యాదగా ఉండేది, అదే నా అభ్యంతరం. పైగా 2019లో హార్పర్‌ను కొనుక్కున్న మీ ఫిలీస్ ఎక్కడ తేలారో గుర్తుందా? 81-81.

ఫిలడెల్ఫియా పక్కింటివాడు

గుర్తుంది, మరిచిపోనివ్వడానికి మీరున్నారు కదా. 2003 మార్లిన్స్‌కు మాత్రం మీ దగ్గర ఇంతవరకూ జవాబు లేదు.

స్కోరు పుస్తకం

ఉంది. టోర్బోర్గ్ వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందే డాంట్రెల్ విల్లిస్ తొలి ఆట ఆడాడు. ఆ ఏడాది నేషనల్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు అతనే. జూన్‌లో 20 ఏళ్ల మిగెల్ కాబ్రెరా వచ్చాడు, మొదటి ఆటలోనే హోమ్ రన్‌తో గెలిపించాడు. అలాంటి ఇద్దరు దిగితే కుర్చీలో ఎవరు కూర్చున్నా జట్టు లేస్తుంది.

ఫిలడెల్ఫియా పక్కింటివాడు

ఆ 20 ఏళ్ల కుర్రవాణ్ని వరల్డ్ సిరీస్‌లో నాలుగో స్థానంలో బ్యాటింగ్‌కు పంపింది ఎవరు? ఆరో ఆటలో, యాంకీస్ సొంత మైదానంలో, మూడు రోజుల విశ్రాంతి మాత్రమే ఉన్న జాష్ బెకెట్‌కు బంతి ఇచ్చింది ఎవరు? మరో పిచర్‌ను దింపి, బెకెట్‌ను ఏడో ఆటకు దాచుకోమని అందరూ అంటున్నారు. పెద్దాయన వినలేదు. బెకెట్ తొమ్మిది ఇన్నింగ్స్‌లూ ఒక్కడే విసిరి 2-0తో సిరీస్ ముగించాడు. ఆ నిర్ణయం కుర్చీ తీసుకోలేదు, కుర్చీలో ఉన్న మెకీన్ తీసుకున్నాడు. టోర్బోర్గ్ ఉంటే అలా ఇచ్చేవాడంటారా?

బుల్‌పెన్ బాధితుడు

ఇప్పటి రోజుల్లో అయితే పై అంతస్తువాళ్లు ఇవ్వనిచ్చేవాళ్లే కాదు.

స్కోరు పుస్తకం

బెకెట్ ఆట మెకీన్‌దే, అందులో పేచీ లేదు. అది అక్టోబర్ పని. మీరు మనిషిని తీసేయమంటున్నది మే నెలలో.