పెద్ద పిట్ వంశానికి కొల్లూరు వజ్రం ఎంతవరకు ఆధారం?

కృష్ణాతీరం అడిగిన ప్రశ్న:
ఇంగ్లండు రాజకీయవేత్త విలియం పిట్ (1708–1778) గురించి చదువుతున్నాను. ఆయన కొడుకు పేరు కూడా అదే కావడంతో తండ్రిని పెద్ద పిట్ అంటారు. ఆయన తాత థామస్ పిట్ చెన్నపట్నం గవర్నరుగా ఉండి, మన ప్రాంతపు వజ్రం ఒకటి కొని అమ్మి ఆ కుటుంబాన్ని నిలబెట్టాడని ఒకచోట కనిపించింది. సామాన్యుల మనిషిగా పేరు తెచ్చుకున్న నాయకుడి వెనుక నిజంగా అంత సొమ్ము ఉన్నదా? ఆయన తల్లిదండ్రులు ఎవరో, ఆ ఆస్తిలో ఆయనకు దక్కింది ఎంతో తెలిసినవారు వివరించగలరు.

పాతదస్త్రం:
థామస్ పిట్ 1653లో డోర్సెట్ ప్రాంతంలో ఒక చర్చి ఫాదరీ కొడుకుగా పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండా దొంగచాటు వ్యాపారం సాగించి, కంపెనీ చేత జరిమానా వేయించుకుని, చివరకు అదే కంపెనీ తరఫున 1698లో చెన్నపట్నంలోని సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా వచ్చి 1709 దాకా ఉన్నాడు. అంతకుముందే, 1691లో, ఓల్డ్ సారం అనే నియోజకవర్గపు భూములు కొనిపెట్టుకున్నాడు. అక్కడ ఊరంటూ లేకపోయినా పార్లమెంటుకు ఇద్దరు సభ్యులను పంపే హక్కు మాత్రం ఉండేది.

ఇక వజ్రం విషయం. అది కొల్లూరు గనిలో దొరికినదని సంప్రదాయంగా చెబుతారు. ముడిరాయి బరువు 410 క్యారెట్లు. జామ్‌చంద్ అనే వర్తకుడు మొదట రెండు లక్షల వరహాలు అడిగితే, బేరం సాగి సాగి 48,000 వరహాలకు తెగింది. రాయిని బలవంతంగా లాక్కున్నాడన్న పుకారు ఎంతగా పాకిందంటే, స్వదేశానికి తిరిగి వెళ్తూ 1710లో నార్వేలోని బెర్గెన్‌లో ఆగినప్పుడు ఆయన ఆ బేరాన్ని మొదటినుంచీ కాగితం మీద పెట్టి, తాను న్యాయంగానే కొన్నానని ప్రమాణపూర్వకంగా రాసుకోవలసి వచ్చింది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి ఓర్లియాన్స్ డ్యూక్ దానిని కొన్నాడు. ధర సుమారు 1,35,000 పౌండ్లని చెబుతారు. సానపట్టాక 140 క్యారెట్ల పైచిలుకుగా మిగిలిన ఆ రాయి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్‌లో ఉన్నది.

కొత్తపేట చదువరి:
పాతదస్త్రం గారు చెప్పినదంతా సరే గాని, ఆ సొమ్ము మనవడి చేతికి దాదాపు రాలేదన్నది గమనించాలి. వజ్రాన్ని ఇంగ్లండు చేర్చిన రాబర్ట్ పిట్ విలియంకు తండ్రి, థామస్‌కు పెద్ద కొడుకు. తల్లి హారియట్ విలియర్స్, ఐర్లండుకు చెందిన గ్రాండిసన్ బిరుదు గల కుటుంబపు ఆడపడుచు. తాత 1726లోను, తండ్రి ఆ మరుసటి ఏడాదీ పోయారు. ఆస్తి పెద్ద కొడుక్కే చెందే ఆచారం కనుక కుటుంబపు బోకొనక్ ఎస్టేటు, ఓల్డ్ సారం అన్నగారికి వెళ్ళాయి. రెండో కొడుకైన విలియంకు మిగిలింది ఏటా నూరు పౌండ్ల వంతున వచ్చే భత్యం. అందుకే ఆయన 1731లో అశ్వికదళంలో చిన్న అధికారిగా చేరాడు.

అయితే డబ్బు కన్నా విలువైనది ఒకటి ఇంటినుంచే వచ్చింది. అన్నగారు రెండు చోట్ల గెలిచి ఒక్‌హాంప్టన్ స్థానాన్ని ఉంచుకోవడంతో, ఖాళీ అయిన ఓల్డ్ సారం నుంచి 1735లో విలియం పార్లమెంటులో అడుగుపెట్టాడు. ఇలాంటి నియోజకవర్గాలు రాజ్యాంగంలో కుళ్ళిన భాగమని 1766లో అన్నది కూడా ఆయనే కావడం తమాషా!

ఆయన పేరు నిలబెట్టింది మాత్రం సొంత నడవడి. 1746లో సైన్యపు జీతాల ఖజానా చేతికి వచ్చినప్పుడు, అంతకుముందువారు ఆ నిల్వలను వడ్డీకి తిప్పుకున్నట్లు తాను తిప్పుకోకుండా జీతంతోనే సరిపెట్టుకున్నాడు. జనం దృష్టిలో ఆయన వేరని తేలింది అప్పుడే. ఫ్రాన్సుతో సాగిన ఏడేళ్ళ యుద్ధంలో (1756–1763) ఆయన ప్రతిష్ఠ శిఖరానికి చేరింది.

కృష్ణాతీరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి పెద్ద పిట్‌కు ఉన్న ఛాతం ఎర్ల్ అనే ప్రభు బిరుదు వంశపారంపర్యంగా వచ్చినది కాదన్నమాట. భార్య వైపు బలం ఏమైనా ఉండేదా?

పాతదస్త్రం:
కాదండీ, ఎర్ల్ బిరుదు 1766లో ప్రధానమంత్రి పదవి చేపట్టినప్పుడు ఆయనకే కొత్తగా ఇచ్చారు. పార్లమెంటులో ఎన్నికైనవారు కూర్చునే సామాన్యుల సభను వదిలి, బిరుదులున్నవారి ప్రభువుల సభకు వెళ్ళడం వల్ల జనాదరణ బాగా తగ్గింది. భార్య హెస్టర్ గ్రెన్విల్‌ను 1754లో పెళ్ళాడాడు. ఆమె అన్నదమ్ములలో ఒకడైన జార్జి గ్రెన్విల్ ప్రధానిగా ఉండి అమెరికా వలసలపై స్టాంపు పన్ను (పత్రాలు, పత్రికల వంటి కాగితాలపై పన్ను) వేస్తే, దానిని రద్దు చేయాలని 1766లో గట్టిగా వాదించినవాడు బావగారైన పిట్టే. వీరి రెండో కొడుకు చిన్న పిట్ 1783లో 24 ఏళ్ళకే ప్రధాని అయి, మరుసటి ఏడాది ఈస్టిండియా కంపెనీని ప్రభుత్వ అదుపులోకి తెచ్చే చట్టం చేశాడు. అనుమతి లేకుండా వ్యాపారం చేసి ఆ కంపెనీనే ముప్పుతిప్పలు పెట్టిన థామస్ పిట్‌కు ఆయన మునిమనవడు.